తొలి అమెరికన్ నవలలు, వలస చరిత్ర, రాజకీయం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెలకొక ఆదివారం పది పన్నెండు మందిమి కూర్చుని పాత అమెరికన్ నవలలు చదువుకుంటున్నాం. కొత్తగా వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ప్రతిసారీ నోటితో చెప్పే బదులు రాసి పెడితే నయమనిపించింది. జవాబుల్లో నా ఇష్టాయిష్టాలు కూడా కలిసిపోయాయి, చూసుకోండి.

"తొలి" అంటే ఏ కాలం?

1789 నుంచి సుమారు 1830 దాకా. అంతకుముందు ఆ గడ్డమీద అచ్చయినవాటిలో ఎక్కువ భాగం ప్రసంగాలు, పంచాంగాలు, కరపత్రాలు, మూలవాసులకు బందీలుగా చిక్కి బయటపడ్డవాళ్ల అనుభవాలు. ఈ చివరి రకాన్ని బందీ కథనాలు అంటాం. 1682లో అచ్చయిన మేరీ రోలాండ్సన్ పుస్తకం వాటన్నిటికీ పెద్దక్క. మెటాకం అనే మూలవాసుల నాయకుడికీ ఇంగ్లిష్ వలసవాళ్లకూ జరిగిన యుద్ధంలో ఆవిడ పదకొండు వారాలు బందీగా గడిపింది. తర్వాత వచ్చిన నవలలు ఆ పుస్తకం నుంచి భయాన్నీ అడవినీ దేవుణ్నీ అప్పు తెచ్చుకున్నాయి.

కథ కథలా చదువుకుంటే పోదా? మధ్యలో చరిత్ర ఎందుకు?

చదువుకోవచ్చు, పోయేదేం లేదు. కానీ మొదటి మూడు నవలలు అలాగే చదివి మాలో సగం మంది విసుగెత్తి మానేశారు. నిట్టూర్పులు, మూర్ఛలు, పేజీలకు పేజీల నీతిబోధ. ఆ తర్వాత ఒక చిన్న అలవాటు పెట్టుకున్నాం. పుస్తకం తెరిచే ముందు అట్ట లోపల రెండు సంవత్సరాలు రాసుకుంటాం. ఒకటి కథ జరిగే ఏడాది, రెండోది పుస్తకం అచ్చయిన ఏడాది.

'ది లాస్ట్ ఆఫ్ ది మొహికన్స్' కథ 1757లో జరుగుతుంది, పుస్తకం 1826లో వచ్చింది. 'హోప్ లెస్లీ' కథ పదిహేడో శతాబ్దపు మొదటి సగంలోది, పుస్తకం 1827ది. 'వీలాండ్' కథ ఫ్రెంచ్ అండ్ ఇండియన్ యుద్ధం (అమెరికాలో బ్రిటన్, ఫ్రాన్స్ మధ్య జరిగింది) ముగిశాక, బ్రిటన్ మీద విప్లవం మొదలవకముందు జరిగితే పుస్తకం 1798లో వచ్చింది. దేశం కొత్తది, రచయితలు మాత్రం పదేపదే బ్రిటిష్ జమానాకే వెళ్లి వస్తున్నారు. ఎందుకు వెళ్లారు, అక్కణ్నుంచి ఏం తెచ్చుకున్నారు, ఏం చూడనట్టు వదిలేశారు అని అడగడం మొదలుపెడితే చర్చ దానంతటదే నడుస్తుంది.

అమెరికా కూడా మనలాగే బ్రిటిష్ వలసే కదా?

అందరూ ఇక్కడే బోల్తా పడతారు. నేనూ పడ్డాను. మన దగ్గర స్వాతంత్ర్యం వచ్చింది పాలితులకు. అక్కడ 1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది వలస వచ్చి స్థిరపడ్డవాళ్లు. మన దగ్గర ఈస్ట్ ఇండియా కంపెనీ గుమాస్తాలూ సిపాయి దొరలూ లండన్ మీద తిరగబడి, ఇక ఈ దేశం మాదే అని ప్రకటించుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి, కొంచెం అర్థమవుతుంది. అక్కడి మూలవాసులైన లెనాపే, మొహాక్, పీకాట్ జనాలకు, ఆ యుద్ధాన్ని ముగించిన 1783 సంధితో ఒరిగిందేమీ లేదు. ఇంకా చెప్పాలంటే నష్టమే.

కాబట్టి ఈ నవలల్లో మాట్లాడేవాడు ఒకేసారి పాత వలస ప్రజా, కొత్త వలస యజమానీ. లండన్ వైపు తిరిగి "మమ్మల్ని అణచారు" అంటాడు. పడమర వైపు తిరిగి "ఈ భూమి మాది" అంటాడు. తరచూ ఒకే పేజీలో రెండూ అంటాడు.

మనతో చుట్టరికం మరోవైపు నుంచి ఉంది. 1781లో యార్క్‌టౌన్‌లో అమెరికన్ల చేతిలో ఓడిపోయిన కార్న్‌వాలిస్ దొరే 1786లో ఇక్కడికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు, టిప్పు సుల్తాన్‌తో యుద్ధం చేశాడు, 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు ఒప్పందం తెచ్చాడు. బోస్టన్ రేవులో 1773లో నీళ్లపాలైన టీ కూడా ఈస్ట్ ఇండియా కంపెనీదే.

మొదటి అమెరికన్ నవల ఏది?

1789 జనవరిలో బోస్టన్‌లో ఐజయ్య థామస్ అచ్చేసిన 'ది పవర్ ఆఫ్ సింపతీ' అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. రచయిత పేరు లేకుండా వచ్చింది. చాలాకాలం సారా వెంట్‌వర్త్ మోర్టన్ అనే కవయిత్రి రాసిందనుకున్నారు. అసలు రాసింది విలియం హిల్ బ్రౌన్ అనే కుర్రాడు. తమాషా ఏంటంటే, ఆ నవలలో ఒక ఉపకథ సారా భర్తకూ ఆమె సొంత చెల్లెలికీ మధ్య నడిచిన వ్యవహారం మీదే అల్లింది. ఆ చెల్లెలు 1788లో ఆత్మహత్య చేసుకుంది. ఊరంతా చెవులు కొరుక్కుంటున్న సంగతిని ఏడాది తిరక్కుండా పుస్తకంలో పెట్టేశారన్నమాట.

"మొదటిది" అనే మాటను బట్టి తగాదాలు ఉంటాయి. 1767లోనే లండన్‌లో 'ది ఫీమేల్ అమెరికన్' వచ్చింది కదా, దాన్నేం చేద్దాం అనేవాళ్లున్నారు. 'శ్రీరంగరాజ చరిత్ర' ముందా, 'రాజశేఖర చరిత్రము' ముందా అని మనం ఇప్పటికీ వాదించుకోవట్లేదా? అలాంటిదే. పది నిమిషాలు మించనివ్వకండి.

ప్రతి నవలలోనూ ఆడపిల్లను ఎవడో మోసం చెయ్యడం, ఆమె చచ్చిపోవడం. ఇందులో రాజకీయం ఏముంది?

అసలు రాజకీయమంతా అక్కడే ఉంది. రాజు పోయాడు. ఇక పాలన ప్రజల సమ్మతి మీద నడవాలి. మరి ఆ సమ్మతిని తీయటి మాటలతో ఎవడైనా కొట్టేస్తే? ఆ రోజుల్లో ఈ టెన్షన్ పెద్దవాళ్లకు నిజంగానే ఉంది. రిచర్డ్‌సన్ ఇంగ్లిష్ నవల 'క్లారిస్సా'లో లవ్‌లేస్ అనే సొగసుకాడు క్లారిస్సాను ఇల్లు దాటించి నాశనం చేస్తాడు. 1804లో జాన్ ఆడమ్స్ ఒక ఉత్తరంలో, ప్రజాస్వామ్యమే ఆ లవ్‌లేస్, ప్రజలే ఆ క్లారిస్సా అన్నాడు. దేశానికి రెండో అధ్యక్షుడిగా చేసినవాడు ప్రజల గతిని చెప్పడానికి నవలలో పిల్లను ఉదాహరణగా తీసుకున్నాడంటే, చదివేవాళ్లు ఈ కథల్ని ఎలా అర్థం చేసుకునేవారో చూడండి.

'షార్లెట్ టెంపుల్' తీసుకుందాం. సుసానా రౌసన్ రాసింది, 1791లో లండన్‌లోనూ 1794లో ఫిలడెల్ఫియాలోనూ వచ్చింది. పదిహేనేళ్ల ఇంగ్లండ్ బడిపిల్లను మాంట్రావిల్ అనే బ్రిటిష్ సైనికాధికారి మాటలు చెప్పి న్యూయార్క్ తీసుకుపోయి వదిలేస్తాడు. మొదటి అధ్యాయంలోనే అతని స్నేహితుడు, రెండు నెలల్లో మన అమెరికన్ మిత్రుల తుపాకీ గుండు తగలొచ్చు అని ఎగతాళి చేస్తాడు. 1794లో ఫిలడెల్ఫియాలో ఆ వాక్యం చదివే ఇంట్లో ఆ యుద్ధానికి వెళ్లొచ్చిన మనిషి ఉండే ఉంటాడు. ఎర్ర కోటు వేసుకున్నవాడు నమ్మించి మోసం చేశాడంటే వాళ్లకు అది ఒక్క పిల్ల కథ కాదు.

రౌసన్ బతుకు కూడా ఆ గీత మీదే నడిచింది. తండ్రి బ్రిటిష్ నౌకాదళంలో అధికారి. చిన్నతనం మసాచుసెట్స్‌లో. విప్లవం రాగానే కుటుంబాన్ని నిర్బంధంలో పెట్టి, 1778లో ఇంగ్లండ్ పంపేశారు. 1793లో నటిగా మళ్లీ అమెరికా వచ్చింది, తర్వాత బోస్టన్‌లో ఆడపిల్లల బడి పెట్టింది. ఎవరి పక్షమని అడిగితే ఏం చెప్పేదో.

నాకు మాత్రం ఇంతకంటే 'ది కోకెట్' ఇష్టం. 1797లో హన్నా వెబ్‌స్టర్ ఫోస్టర్ రాసింది, అట్ట మీద మాత్రం "మసాచుసెట్స్‌కు చెందిన ఒక మహిళ" అని మాత్రమే. ఆవిడ పేరు పుస్తకం మీద పడేసరికి 1866, అప్పటికి ఆవిడ పోయి ఇరవై ఆరేళ్లు. నవలంతా ఉత్తరాలే. మొదటి ఉత్తరంలో నాయిక ఎలైజా, పుట్టిల్లు వదిలి వెళ్తుంటే ఏదో కొత్త అనుభూతి కలుగుతోందని స్నేహితురాలికి రాస్తుంది. ఏ అనుభూతి అంటే, సంతోషం! తల్లిదండ్రులు కుదిర్చిన పెళ్లికొడుకు, ఒక పాస్టరు, అప్పుడే చనిపోయాడు. ఏడవాల్సిన చోట ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంటోంది. ఈ ఒక్క ఉత్తరాన్ని పైకి చదివించి ఆపండి. గదిలో ఆడవాళ్లు ఒకలా, మగవాళ్లు ఒకలా మాట్లాడటం మొదలుపెడతారు.

మధ్యలో ఒక విందు సన్నివేశం ఉంది, చాలామంది తిప్పేస్తారు. రాజకీయాలు ఆడవాళ్లవి కావని ఒకావిడ అంటుంది. దేశం మేలు కీడుల్లో మాకూ భాగం ఉన్నప్పుడు ఆ వ్యవహారాలు తెలుసుకునే హక్కు మాకూ ఉందని మిసెస్ రిచ్‌మన్ అంటుంది. అప్పటి చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీకి విడిగా ఆస్తి లేదు. ఒక్క న్యూజెర్సీలో ఆస్తి ఉన్న ఒంటరి స్త్రీలు ఓటు వేసేవారు, 1807లో అదీ తీసేశారు. ఇది తెలిశాక, ఎలైజా ఎవర్ని చేసుకోవాలా అని తటపటాయించడం వగలమారితనంలా కనిపించదు. ఆమె చేతిలో ఉన్న ఓటు అదొక్కటే, వేశాక వెనక్కి తీసుకోలేదు.

షార్లెట్ టెంపుల్ సమాధి నిజంగా ఉందా?

న్యూయార్క్‌లో వాల్ స్ట్రీట్ మొదట్లో ట్రినిటీ చర్చి ఆవరణలో ఆ పేరు చెక్కిన రాయి ఉంది. జనం తరాల తరబడి పూలు పెట్టి ఏడ్చారు. 2008లో రాయి ఎత్తి చూస్తే కింద సమాధి గది ఏదీ లేదు. ఎలైజాకు మూలమైన ఎలిజబెత్ విట్‌మన్ మాత్రం నిజం మనిషి. 1788లో డాన్వర్స్‌లో ఒక సత్రంలో వేరే పేరుతో దిగి, పురిటి తర్వాత చనిపోయింది. నవలలు చదివి చెడిపోయిందని పత్రికలు తీర్మానించాయి.

నవలలంటే పెద్దమనుషులకు అంత కోపం ఎందుకు?

ఆడవాళ్లూ పనివాళ్లూ పాస్టరు గారిని అడక్కుండా సొంతంగా చదువుకుని సొంత అభిప్రాయాలు పెట్టుకుంటారని. మూడో అధ్యక్షుడిగా చేసిన జెఫర్సన్ అంతటివాడు 1818లో ఆడపిల్లల చదువు గురించి రాస్తూ నవలల్ని విషం అన్నాడు. మన ఇళ్లలోనూ వారపత్రిక సీరియల్ చదివే అమ్మాయిల్ని ఇదే మాట అన్నారు కదా.

'వీలాండ్' దెయ్యాల కథా?

కాదు, గొంతుల కథ. చార్లెస్ బ్రాక్‌డెన్ బ్రౌన్ రాశాడు. ఫిలడెల్ఫియా దగ్గర నది ఒడ్డున ఒక తండ్రి తన ఒక్కడి మతానికి తానే గుడి కట్టుకుంటాడు. ఒక రాత్రి అందులోనే ఉన్నట్టుండి మంటలు అంటుకుని చనిపోతాడు. పిల్లలు పెద్దయ్యాక ఆ గుడిలోనే సిసెరో విగ్రహం పెట్టి, సంగీతం వాయిస్తూ తర్కాలు చేస్తుంటారు. దేవుణ్ని దింపి వక్తను కూర్చోబెట్టారు! అంతలో ఎక్కణ్నుంచో గొంతులు వినిపిస్తాయి. కొడుకు దైవాజ్ఞ అనుకుని భార్యాబిడ్డల్ని చంపేస్తాడు. కార్విన్ అనేవాడు ఎదుటివాళ్ల గొంతుతో, ఎటునుంచో వస్తున్నట్టు మాట్లాడగలడని తర్వాత తేలుతుంది. హత్యకు పురికొల్పిన గొంతు కూడా వాడిదేనా అన్నది రచయిత తేల్చడు.

పుస్తకం వచ్చిన 1798లోనే విదేశీయుల్నీ ప్రభుత్వాన్ని తిట్టే పత్రికల్నీ కట్టడి చేసే ఏలియన్ అండ్ సెడిషన్ చట్టాలు వచ్చాయి. ఎక్కడ చూసినా కుట్ర భయమే. ఎవరి గొంతు నమ్మాలి అనే ప్రశ్నను బ్రౌన్ నవలగా చేసి, అప్పటి ఉపాధ్యక్షుడు జెఫర్సన్‌కు ఒక ప్రతి పంపాడు. విప్లవం రోజుల్లో బ్రౌన్ తండ్రిని మరికొందరు క్వేకర్లతో (యుద్ధం చెయ్యకూడదనే క్రైస్తవ శాఖవాళ్లు) కలిపి అనుమానం మీద వర్జీనియాకు తరిమేశారు. కాబట్టి స్వేచ్ఛ పేరుతో వచ్చే గొంతుల మీద కూడా ఆయనకు అంత నమ్మకం ఉండకపోవచ్చు. ఇది నా ఊహ.

'ఎడ్గర్ హంట్లీ' ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎలా చదవాలి?

మ్యాప్ పక్కన పెట్టుకుని. బ్రౌన్‌దే, 1799. ముందుమాటలోనే తన పద్ధతి చెబుతాడు: పాడుబడ్డ కోటలు, భూతాలు యూరప్ వాళ్లవి, మన భయాలు మూలవాసుల దాడులు, పడమటి అడవులు. కథలో ఎడ్గర్ తన స్నేహితుణ్ని ఒక ఎల్మ్ చెట్టు కింద ఎవరు చంపారో కనిపెట్టాలని తిరుగుతుంటాడు. మధ్యలో నిద్రలో నడవడం మొదలవుతుంది. ఒకసారి కళ్లు తెరిస్తే కటిక చీకటి గుహలో ఉంటాడు. చేతికి ఒక టొమాహాక్ గొడ్డలి తగులుతుంది. దానితో చిరుతలాంటి మృగాన్ని చంపి ఆకలికి దాని రక్తం తాగుతాడు. అక్కణ్నుంచి బయటపడుతూ ఒకరి తర్వాత ఒకరుగా మూలవాసుల్ని చంపుతూ పోతాడు. నాగరికుణ్ననుకునేవాడు నిద్రలేచేసరికి తాను భయపడేదిగా తానే మారాడు.

ఇక మ్యాప్ సంగతి. కథ జరిగే సోల్‌బరీ పెన్సిల్వేనియాలో డెలావేర్ నది పక్కన ఉంది. 1737లో, ఆ వలసను స్థాపించిన విలియం పెన్ కొడుకులు ఒక పాత పత్రం తీసి, ఒక మనిషి ఒకటిన్నర రోజుల్లో నడిచినంత నేల మాది అన్నారు. లెనాపే పెద్దలు మామూలు నడక అనుకున్నారు. పెన్ మనుషులు ముందే దారి చదును చేయించి, కాలి వడి ఉన్న ముగ్గుర్ని కూలికి పెట్టారు. ఇద్దరు మధ్యలో పడిపోయారు, మూడోవాడు 60 మైళ్లు దాటించేశాడు. దీన్నే వాకింగ్ పర్చేజ్ అంటారు. లెనాపేలను అక్కణ్నుంచి ఖాళీ చేయించింది ఇదే. బ్రౌన్ ఎక్కడా దీని పేరెత్తడు. కానీ మోసపు నడకతో పోయిన నేల పక్కనే, తెలివిలో లేకుండా నడిచే మనిషి కథ రాశాడు. కావాలనే రాశాడని కొందరం, కాకతాళీయమని కొందరం. మొన్న టీ రెండుసార్లు పెట్టాల్సి వచ్చింది.

ఓల్డ్ డెబ్ అనే లెనాపే ముసలావిడను వదలకండి. ఎడ్గర్ ఆమెకు క్వీన్ మ్యాబ్ అని పేరు పెడతాడు. తెగంతా వెళ్లిపోయినా ఆమె కదల్లేదు. గుడిసెలో మూడు కుక్కలతో ఉంటూ వాటితోనే మాట్లాడుతుంది. తెల్లవాళ్లు తన అనుమతి మీద అక్కడ ఉంటున్నారని ఆమె లెక్క, అందుకే ఎవరింటికైనా వెళ్లి కావాల్సింది అడుగుతుంది. ఊరివాళ్లకు అది పిచ్చి ముసలి గోల. దస్తావేజుల ప్రకారం చూస్తే ఆ ఊళ్లో మతి సరిగ్గా ఉన్నది ఎవరికి?

చర్చలో 'రెడ్ ఇండియన్' అనొచ్చా?

వద్దు. మన పాత పాఠ్యపుస్తకాల పుణ్యమా అని నోటికి వచ్చేస్తుంది. తెగ పేరు తెలిస్తే ఆ పేరు, లేదంటే మూలవాసులు. పుస్తకంలో "ఇండియన్" అని ఉన్నచోట చదివేటప్పుడు అలాగే చదవండి, మార్చకండి.

బానిసత్వం గురించి ఈ నవలలు మాట్లాడాయా?

కొన్ని పక్కచూపుతో, ఒకటి సూటిగా. రాయల్ టైలర్ 1797లో రాసిన 'ది ఆల్జెరీన్ క్యాప్టివ్'లో అప్‌డైక్ అండర్‌హిల్ అనే యువకుడు ఎక్కడా కుదురుకోలేక బానిసల ఓడలో డాక్టరుగా చేరతాడు. ఆ ఓడ పేరు సింపతీ. ఆఫ్రికా తీరంలో మనుషుల్ని లెక్కపెట్టి ఎక్కించడం కళ్లారా చూస్తాడు. తర్వాత అతనే అల్జీర్స్ వాళ్లకు చిక్కి బానిస అవుతాడు. 1785 నుంచి అమెరికన్ నావికులు అక్కడ నిజంగానే బందీలయ్యారు, దేశమంతా వాళ్ల కోసం గగ్గోలు పెట్టింది. అదే సమయంలో రాజ్యాంగం బానిసల దిగుమతిని 1808 దాకా ఆపకూడదని రాసుకుంది. టైలర్ ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి ఊరుకున్నాడు. ఆ ఓడ పేరు మాత్రం నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది.

నవ్వించే పుస్తకం ఒక్కటైనా లేదా?

హ్యూ హెన్రీ బ్రాకెన్‌రిడ్జ్ 'మోడరన్ షివల్రీ'. 1792 నుంచి 1815 దాకా విడతలుగా రాశాడు. కెప్టెన్ ఫరాగో గుర్రం మీద, అక్షరమ్ముక్క రాని నౌకరు టీగ్ వెనకాల. ఎక్కడికి పోయినా జనం టీగ్‌నే ఎన్నుకుంటామంటారు. ఆఖరికి సారా పన్ను వసూలు అధికారిని చేస్తే, జనం తారు పూసి ఈకలు అద్ది పంపిస్తారు. ఆ సారా పన్ను మీద 1794లో జరిగిన విస్కీ తిరుగుబాటులో రాజీ కోసం తిరిగిన మనిషి రాశాడు కాబట్టి దెబ్బలు రెండు వైపులా పడతాయి. మొత్తం చదవక్కర్లేదు, మొదటి భాగం చాలు.

మొహికన్స్ సినిమా చూశాను. చాలదా?

1992 సినిమా బాగుంటుంది, కానీ నవల వేరు. నవలలో కోరా తల్లి వెస్టిండీస్ మనిషి, ఆమె వంశంలో బానిసల రక్తం ఉంది. ఆ కోరాను మొహికన్ యువకుడు అంకాస్ ఇష్టపడతాడు. రచయిత కూపర్ ఇద్దర్నీ చంపేస్తాడు. తెల్ల చెల్లెలు ఆలిస్ బతుకుతుంది. 1826లో ఎవరెవరు కలిసి దేశం కావచ్చో, ఎవరు కాకూడదో ఆ చావుల్లోనే ఉంది. సినిమా ఈ లెక్కనే మార్చేసింది.

ఇక "లాస్ట్" అనే మాట. మొహికన్లు అంతరించిపోలేదు. స్టాక్‌బ్రిడ్జ్-మన్సీ సమాజంగా ఇప్పటికీ విస్కాన్సిన్‌లో ఉన్నారు. నవల వచ్చిన నాలుగేళ్లకు, 1830లో, మూలవాసుల్ని మిసిసిపీ అవతలికి పంపే చట్టం వచ్చింది. ఎలాగూ అయిపోయిన జాతి అని కన్నీళ్లు పెట్టించే పుస్తకం ఇంటింటా ఉంటే అలాంటి చట్టానికి దారి సులువవుతుంది. కూపర్ ఆ ఉద్దేశంతో రాశాడని నేననను.

మూలవాసుల వైపు నుంచి చెప్పిన నవల ఏదైనా ఉందా?

రాసింది తెల్లావిడే, అయినా 'హోప్ లెస్లీ' కొంత దూరం వెళ్లింది. కేథరిన్ సెడ్జ్‌విక్ రాసింది. 1637లో మిస్టిక్ దగ్గర పీకాట్ గ్రామాన్ని తెల్లవారకముందే చుట్టుముట్టి తగలబెట్టిన సంగతి, అక్కడ స్థిరపడ్డ ప్యూరిటన్ అనే ఇంగ్లిష్ క్రైస్తవ శాఖవాళ్లు రాసుకున్న చరిత్రల్లో దేవుడిచ్చిన విజయం. సెడ్జ్‌విక్ దాన్ని మాగవిస్కా అనే పీకాట్ అమ్మాయి నోట చెప్పిస్తుంది. వినేవాడు తెల్లవాడైన ఎవరెల్. అప్పటిదాకా అతను విన్న కథ, ఇప్పుడు వింటున్న కథ ఒకటి కావు. తర్వాత అతన్ని చంపబోతున్న గొడ్డలికి మాగవిస్కా అడ్డం వెళ్లి చెయ్యి పోగొట్టుకుంటుంది. నవల చివర, ఇక్కడే ఉండిపో అని తెల్ల స్నేహితులు బతిమాలితే ఒప్పుకోదు, వెళ్లిపోతుంది. సెడ్జ్‌విక్‌కు కూడా ఆమెను ఉంచే చోటు దొరకలేదు.

చర్చకు ముందు ఎంత చరిత్ర చదవాలి?

ఒక పేజీ చాలు. మాలో ఒకాయన మొదట్లో నలభై స్లైడ్లతో వచ్చేవారు. స్లైడ్లు అయ్యేసరికి భోజనాల వేళ, నవల ఎవరికీ గుర్తు లేదు. ఇప్పుడు ఆయనకు ఒక నియమం పెట్టాం: ఒక చట్టమో, ఒక ఒప్పందమో, ఒక్కటే తేవాలి, దాన్ని నవలలోని ఒక పేరా పక్కన పెట్టి చూపించాలి. వాకింగ్ పర్చేజ్ సంగతి తెచ్చింది ఆయనే.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? ఏది ముందు?

కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఎక్కువ భాగం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లలో ఉచితం. ముందు 'ది కోకెట్', పొట్టిది, ఉత్తరాలు కాబట్టి గొంతులు పంచుకుని చదవొచ్చు. తర్వాత 'ఎడ్గర్ హంట్లీ', ఆపైన 'హోప్ లెస్లీ'. కూపర్ వాక్యాలు పొడుగు, తీరిక ఉన్న నెల చూసుకోండి. 'ది కోకెట్' మొదలుపెట్టేటప్పుడు ఎలైజా ఉత్తరాలు ఎవరు చదవాలో ముందే తేల్చుకోండి, మా దగ్గర ముగ్గురు పోటీ పడ్డారు. ఎలైజాను మోసం చేసే సాన్‌ఫర్డ్ ఉత్తరాలు చదవడానికి మాత్రం ఇప్పటికీ చీట్లు వేస్తున్నాం.